ఆరంభశూరత్వము - అనుదినకృషి

ఆంధ్రులు ఆరంభశూరులని ఒక పాత నింద కలదు. ఈ మాటను అన్యులకంటె మనవారే యెక్కువగా వాడుచుందురు. సంఘము స్థాపించిననాడు పందిరి పట్టనంత జనము. మూడవయేటి సభకు ముందువరుస కుర్చీలును నిండవు. గ్రంథాలయము తెరచిననాడు పూలదండలు. పదియేండ్లు గడచుసరికి బీరువా తాళపుచెవి యెవరియొద్ద నున్నదో తెలియదు. ఇట్టివి చూచి మనలో మనము నవ్వుకొని, ఆరంభశూరులము గదా యని సరిపెట్టుకొందుము. నింద యొక్కొక్కప్పుడు సాకుగా కూడ ఉపయోగపడును.

ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి నీతిశతకము మన పెద్దలలో పలువురకు కంఠస్థముగా నుండెడిది. విఘ్నములకు జంకి పని మొదలిడనివారు అధములనియు, మొదలిడి విఘ్నము తగులగానే విడుచువారు మధ్యములనియు, ఎన్ని విఘ్నములు కలిగినను విడువనివారు ఉత్తములనియు అందొక విభాగము కలదు. చిన్ననాట దీనిని వినినపుడు లోకమున మూడు విధముల మనుష్యులు కలరని మేము నమ్మితిమి. వయస్సు గడచినకొలది మాకు తోచిన దేమనగా, ఈ ముగ్గురును ఒక్క మనుష్యునియందే కాపురముందురు. సోమవారము ఉత్తముడైనవాడు గురువారమునకు మధ్యముడగును. ఆదివారమునాడు అధముడై పక్కమీదనుండి లేవడు. కావున, నేను ఏ తరగతివాడనని ప్రశ్నించుకొనుటవలన ప్రయోజనము లేదు. మనస్సు మధ్యమమైన దినమున, అధమమైన దినమున, చేపట్టిన పని యెట్లు సాగవలెను? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది యిదియే.

ఈ విచారమునకు కారణమైనది మా బంధువులలోని యొక బాలిక. కృష్ణగిరినుండి తిరువణ్ణామలైకి పోవు మార్గమున నున్న మా ఊత్తంగరై నేడు చదువుల యూరని పేరు పొందినది. దూరప్రాంతములనుండి పిల్లలు వచ్చి వసతిగృహములలో నుండి చదువుకొందురు. వేకువ కాకమునుపే ఆ గదులలో దీపములు వెలుగును. ఈ గాలిలో పెరిగిన పిల్లలకు పెద్ద కోరికలు కలుగుట సహజము. మేము చెప్పుచున్న బాలికకు పదవయేటినుండియు వైద్యురాలు కావలెనని కోరిక. ప్రవేశపరీక్ష రెండుమారులు వ్రాసెను. రెండుమారులును స్థానము దొరకలేదు. ఒక సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి ఆమె యడిగిన మాటను ఆమె నోటి తెలుగులోనే వ్రాయుచున్నాము.

"పెద్దనాయనా, మొదట్లో పుస్తకం పట్టుకుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు అదే పుస్తకం చూస్తే భయంగా ఉంది. ఆశ చచ్చిపోయినాక కూడా చదువుతా ఉంటే అది మోసం కాదా?"

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ధైర్యము విడువకుమనియు, కష్టే ఫలి యనియు చెప్పుట కష్టము కాదు. కాని ఆ మాటలు మా నాలుకచివరనే నిలిచిపోయినవి. ఏలనన, మా బల్లసొరుగులో ఒక లావైన కాగితపు పుస్తకము కలదు. ఇరువదియేండ్లకు పూర్వము, ఈ ప్రాంతమున తరతరములుగా నున్న తెలుగు కుటుంబముల ఇంటిమాటలను, వంటమాటలను, సేద్యపుమాటలను సేకరింపవలెనని మేము దానిని కొంటిమి. మొదటి నెలలో నాలుగువందల మాటలు చేరినవి. రెండవయేట ఇరువది. అటుపిమ్మట తెల్లకాగితములు. మొదటి పుటలలోని మాటలలో సగము మా అవ్వ చెప్పినవి. ఆమె పోయిన తరువాత అడుగవలసిన మాటలు జ్ఞాపకమునకు వచ్చినవి. అడుగుటకు ఆమె లేదు. అట్టి మేము ఆ బాలికకు పట్టుదలనుగూర్చి బోధించుట యెట్లు? కావున మాకంటె అర్హులైన వారిని సాక్షిగా పిలువవలసి వచ్చెను. ఆ సాక్షిని పిలుచుటకు ముందు, ఉత్సాహమనగా నేమో కొంచెము తెలిసికొందము.

మన కృష్ణగిరి సీమ మామిడికి పేరు పొందినది. అంటుమొక్కలు నాటు దినమున కుటుంబమంతయు తోటలో నుండును. పిల్లలును ఒక్కొక్క మొక్కకు తమ పేరు పెట్టుకొందురు. కాని సరియైన కాపు పట్టుటకు నాలుగైదేండ్లు కావలెను. నడుమ వచ్చు వేసవులలో కడవలతో నీరు మోయువారు ఒకరిద్దరే. మోయుచున్నపుడు వారికి పండ్ల తీపి తలపునకు రాదు. భుజము నొప్పియే తెలియును. అయినను మొక్క త్రాగునది ఆ నీటిని గాని, నాటిననాటి సంతోషమును కాదు. చెట్టు పెరిగిన తరువాతనైనను ఏటేట ఒక్కరీతిగా కాయదు. పెక్కు రకముల మామిడి ఒకయేడు విరగకాచి మరుయేడు వెలితిపడును. కాపు తగ్గిన యేట రైతు చెట్టును నరకడు. పాదు త్రవ్వుట మానడు. చెట్టు స్వభావము నెరిగినవాడు గనుక వెలితిని చావుగా భ్రమింపడు.

మనస్సునకును ఇట్టి యేండ్లు కలవు. ఉత్సాహము ఇంటికి వచ్చిన చుట్టము వంటిది. వచ్చినపుడు పండుగ, ఎప్పుడు వచ్చునో, ఎన్నిదినములుండునో మన చేతిలో లేదు. చుట్టము వెళ్లిపోయినంతమాత్రమున ఇల్లాలు పొయ్యి ఆర్పదు. దీర్ఘకాలపు కోరికను ఉత్సాహముమీద నిలుపగోరువాడు చుట్టము వచ్చిననాడే వంట చేయుదునన్న వానివంటివాడు.

ఇక సాక్షి. మేము పిలువదలచినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన వారినిగూర్చి ఇట్లు గ్రాంథికమున వ్రాయుట వింతగా నుండవచ్చును. మాకు తెలుగు చదువు వచ్చినది తాతల నాటి పుస్తకములనుండి. చేయి ఆ వాడుకకే అలవాటుపడినది. పండితులు వ్రాసిన గ్రాంథికములోనే తప్పులు వెదకి చూపిన వారు మా వ్రాతను చూచిన నెన్ని గీతలు గీయుదురో! వారి ఆత్మ మమ్ము క్షమించుగాక.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. మెట్రిక్యులేషను ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. పై చదువులకు పట్టణమునకు పోవు వసతి లేక, పగలు పాఠములు చెప్పుచు, ఇంటికడ తామే చదువుకొని, 1896 నాటికి పట్టభద్రులైరి. ఉద్యోగములో చేరినది మొదలు లెక్కించినచో పదునారేండ్లు. నేటి మన పిల్లలు మూడేండ్లలో ముగించు పట్టమునకు వారు చెల్లించిన కాలమిది. కాని దీనికంటె దీర్ఘమైన పని మరియొకటి వారికొరకు కాచియుండెను.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు. సవరభాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబమునకు చెందినది. అప్పటికి దానికి స్వంత లిపి లేదు. ఆ భాష మాటలాడు పిల్లవానికి చదువు కావలెనన్నచో ముందుగా తన తల్లిమాటను గడపబయట విడిచి రావలెను. పంతులుగారికి ఆ భాష నేర్చుకొనవలెననియు, వారికి వారి భాషలోనే చదువు చెప్పవలెననియు కోరిక కలిగెను. తెలుగు తెలిసిన యొక సవరను ఇంట నుంచుకొని వానియొద్ద నేర్చిరి. సవరభాషలో పుస్తకములు వ్రాసిరి. స్వంతధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. దీనిని చేయుమని వారి నెవరును నియోగింపలేదు. ఉపాధ్యాయుని జీతమున ఇది యెంత భారమో, సంసారము నడపువారందరకు తెలిసిన విషయమే.

ఆ కృషి ఫలముగా సవరభాషావ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము 1931లో ముద్రించెను. సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. నేర్వ మొదలిడిన నాటికి పంతులుగారు యువకులు. నిఘంటువు అచ్చులో చూచుకొనిన నాటికి డెబ్బదియైదేండ్లవారు. నడుమ నాలుగు దశాబ్దములు.

ఈ నడుమకాలమున జరిగిన యొక సంగతిని మేము ఆ బాలికకు చెప్పితిమి. కొండప్రాంతములలో తిరుగుచుండగా పంతులుగారికి చలిజ్వరము పట్టుకొనెను. దానికై సేవించిన క్వినైను వలన వారికి చెవుడు కలిగెను. లిపిలేని భాషను చెవితో పట్టి కాగితముమీద నిలుపువానికి చెవులే పనిముట్లు. వడ్రంగికి చేయి పోయినట్టును, చిత్రకారునకు చూపు పోయినట్టును వారికి వినికిడి పోయెను. ఆ దినములందు వారి మనస్సున నేమి మెదలెనో చెప్పుటకు మాకధికారము లేదు. పని ఆగలేదనుటకు మాత్రము అచ్చయిన రెండు గ్రంథములును సాక్ష్యము.

పని యెందువలన ఆగలేదు? మాకు తోచిన కారణము చెప్పెదము. నిఘంటువు దూరమున నుండెను; బడి దగ్గర నుండెను. గ్రంథము అచ్చగునో కాదో, ప్రభుత్వము మెచ్చునో లేదో, అది నలుబదియేండ్లకు తేలు విషయము. కాని ఒక సవరపిల్లవాడు తన తల్లిమాటను పలకమీద చూచుకొనుట యీ యేటి విషయము. దీర్ఘమైన కోరికలోనుండి ఆనాటి కానాడు ఒకరి కుపయోగపడు ముక్కను కోసి యిచ్చువాడు కడపటి ఫలముకొరకు ఆకలితో మాడిపోడు. కడపటి కిరీటముమీదనే దృష్టి నిలిపినవానికి నడిమి యేండ్లన్నియు ఎడారియగును.

పంతులుగారి రెండవ కోరిక మనకందరకు తెలిసినదే. బడిపిల్లలు తాము మాటలాడు శిష్టవ్యావహారికములోనే వ్రాయవలెనని వారి వాదము. 1906 ప్రాంతమున పాఠశాలల పర్యవేక్షకులైన యేట్సు దొరగారు లేవదీసిన ప్రశ్నతో, గురజాడ అప్పారావుగారి వంటి మిత్రుల తోడ్పాటుతో ఆ యుద్యమము మొదలయ్యెను. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షము వహించెను. తొలిపోరున గెలుపు ఆ పక్షమునకే కలిగెను. పంతులుగారు ఊరూర తిరిగి సభలలో వాదించిరి. పూర్వగ్రంథములనుండి ప్రయోగములు కుప్పలుగా సేకరించిరి. 1919లో "తెలుగు" అను మాసపత్రిక నడిపిరి. ఆ పత్రిక ఏడాదికాలమే నిలిచెను. ఏడాదికే ఆగిన పత్రికను చూచి ఆరంభశూరత్వమని యెవరైన అనియుండవచ్చును. కాని ఆగినది పత్రిక, ఉద్యమము కాదు. 1924లో ఆ పరిషత్తే వ్యావహారికముమీద తన నిషేధమును తొలగించుకొనెను. సాధనము చెడినపుడు దానిని విడిచి మరియొక సాధనము చేపట్టుట యొకటి. సంకల్పమునే విడుచుట మరియొకటి. ఈ రెంటికిగల భేదము తెలియక మనము ఎన్నో పనులను మొదటి సాధనముతోనే సమాధి చేయుదుము.

పిమ్మట 1936 వచ్చెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేర్పబడెను. ఏబదియైదేండ్లకు పైగా కాపురమున్న పట్టణమును పంతులుగారు నిరసనతో విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. డెబ్బది దాటిన వయస్సున, చెవులు వినబడని స్థితిలో, ఇల్లు మారవలసి వచ్చెను. దీనిలోని బాధ మన కుటుంబములకు వివరింప నక్కరలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినపుడు మన సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. మనవారు ఊరు విడువలేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. తమిళులు మనకు ఇరుగుపొరుగువారు, వియ్యమందినవారు. పంతులుగారు చేసినట్లు వెడలిపోవుటయే ధర్మమని మేము చెప్పుటలేదు. ఉండుటయు ధర్మమే. మేము గమనింపగోరినది యింకొకటి. ఇల్లు మారిన రెండేండ్లకు, 1938లో, సవరనిఘంటువు వెలువడెను. ఊరు పోయినను పని ఆయనతోకూడ బండి యెక్కెను.

ఇందులో మరియొక ధర్మసూక్ష్మము కలదు. తన తెలుగుకొరకు ఊరు విడిచినవాడే, తనది కాని సవరభాషకొరకు నలుబదియేండ్లు వెచ్చించెను. తన భాషమీది ప్రేమ పరభాషమీది ద్వేషముగా మారని వాని మాట యిది. తమిళనాట తెలుగు నిలుపుకొనగోరు మనకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. ద్వేషము గొప్ప ఉత్సాహమును పుట్టించును. కాని అది గడ్డిమంట. ప్రేమ కుంపటినిప్పు వంటిది. పైకి బూడిద కనబడినను లోపల నుండును.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో పత్రికాసంపాదకుల సమావేశమున పంతులుగారు వ్యావహారికముకొరకు కడపటి విన్నపము చేసిరి. వారమునకు, 22వ తేదీన, స్వర్గస్థులైరి. పత్రికలును బడులును వారు కోరిన త్రోవలోనికి పూర్తిగా వచ్చుట వారు చూడలేదు. నేడు వారి జన్మదినమును తెలుగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. మొదటి కోరిక ఫలించుట వారు కన్నులార చూచిరి. రెండవది పండుట తరువాతివారు చూచిరి. రెంటికిని వారు చేసిన దినకృత్యము మాత్రము ఒక్కరీతిదే.

ఇంతవరకు వినిన చదువరి ఒక ఆక్షేపణ చేయవచ్చును. పట్టుదలకును మొండితనమునకును భేదమేమి? ఫలింపని కోరికను పట్టుకొని సంసారమును, ఆరోగ్యమును చెరుపుకొనినవారు మన ఊళ్లలోనే లేరా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. విడువకుండుట యొక్కటియే గుణమైనచో జూదరియును మహాత్ముడగును.

మేము చూచినంతలో పరీక్ష యొకటి కలదు. కడపటి ఫలము రాకపోయినను, ఈనాడు చేసిన పని ఎవరికైన పనికివచ్చునా? పనికివచ్చునన్నచో దానిని సాగించుట మొండితనము కాదు. ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు చరిత్ర చూడుడు. జేమ్స్ మర్రే పండితుడు 1879లో ఆ పని చేపట్టినపుడు పదియేండ్లలో ముగియునని యనుకొనిరి. అయిదేండ్లకు, 1884లో, వెలువడిన మొదటి భాగము ‘ఏ’ అక్షరమునైనను దాటలేదు. మర్రే 1915లో మరణించెను. నిఘంటువు 1928లో ముగిసెను. మన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టి మూడు సంపుటములు వెలువరించి, 1923లో, ఏబదియేండ్లైనను నిండకమునుపే దివంగతులైరి. ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మరల చేపట్టిరి. వీరిద్దరును తలపెట్టినది పూర్తియగుట చూడలేదు. అయినను వెలువడిన ప్రతిభాగమును వెలువడిననాటినుండియే చదువరులకు పనికివచ్చెను. సగము కట్టిన యిల్లు నివాసమునకు పనికిరాదు. సగము త్రవ్విన కాలువకూడ తాను చేరినంతమేరకు పొలము తడుపును. మన కోరిక యిల్లువంటిదో కాలువవంటిదో ముందు తెలిసికొనవలెను. వీలైనంతవరకు దానిని కాలువవలె త్రవ్వుకొనవలెను.

రెండవ పరీక్ష మరింత కఠినమైనది. ఈ కోరిక ఎవరిది? సెలవుదినములలో మన యిండ్లలో చుట్టములు కూడినపుడు పిల్లలను వరుసగా నిలిపి, నీవేమగుదువని యడుగుట మనకలవాటు. పిల్లవాడు చెప్పు బదులులో వానిది కొంత, తండ్రి నెరవేర్చుకొనలేనిది కొంత, పొరుగింటివారిని మించవలెననునది కొంత కలిసియుండును. ఎరవు తెచ్చిన కోరిక ఎరవు సొమ్మువంటిది. కష్టకాలమున అది చేయూతనీయదు, వడ్డీ యడుగును. వైద్యకళాశాలలలో స్థానములు పరిమితములు. తెలివియు శ్రమయు గల పిల్లలకును అందులో చోటు దొరకకపోవుట ప్రతియేడును జరుగుచునే యున్నది. దానిని గుణదోషముగా నెంచి పిల్లలను క్రుంగదీయుట పెద్దలకు తగదు. కోరికకు రూపము వేరు, సారము వేరు. వైద్యురాలగుట రూపము, రోగి బాధ తగ్గించుట సారము. రూపమునకు ద్వారము మూసికొనినపుడు సారమునకు మరి నాలుగు ద్వారములు తెరచియుండవచ్చును. రూపమును మార్చుకొనినవాడు ఓడినవాడు కాడు. సారమును మరచినవాడు గెలిచినను ఓడినవాడే.

ఇక ఆ బాలిక యడిగిన అసలు ప్రశ్న మిగిలినది. ఆశ చల్లారిన తరువాత పని చేయుట మోసమా? మాకు మా అమ్మ జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె ప్రతిసంధ్యయందును తులసికోటయొద్ద దీపము పెట్టెడిది. జ్వరము వచ్చిననాడు పెట్టెను. మా తండ్రితో మాటపట్టింపు వచ్చిననాడు పెట్టెను. మా నాయనమ్మ పోయిన శోకము తీరిన తరువాత మొదటి సంధ్యయందు వణకుచేతులతో పెట్టెను. ప్రతిదినమును భక్తి పొంగిన తరువాతనే దీపము పెట్టవలెనని ఆమె యనుకొనియుండినచో మా యిల్లు అనేకదినములు చీకటిలో నుండెడిది. భావము లేక దీపము పెట్టుట కపటమని ఆమె నెవరును అనలేదు. భావము లేనినాడును పెట్టినందువలననే, భావము తిరిగివచ్చినపుడు దానికి కూర్చుండుటకు చోటుండెను. బిడ్డకు నడిరేయి పాలుపట్టు తల్లి ఆ గడియలో ప్రేమతో పొంగిపోవుచుండదు; నిద్రతో తూలుచుండును. అది ప్రేమ కాదని అనగలమా? మోసమనగా లేనిదానిని ఉన్నదని యితరులకు చూపుట. ఉత్సాహము లేదని తనకు తాను ఒప్పుకొనియు ఆనాటి పని ఆనాడు చేయువానిలో మోసమెక్కడిది? అది మాట నిలుపుకొనుట. మనిషి మంచిదినమున తనకు తాను ఇచ్చుకొనిన మాటను చెడుదినమున చెల్లించుటయే దీర్ఘసంకల్పమనిపించుకొనును.

అయితే ఆ చెల్లింపు చిన్నదిగా నుండవలెను. ఉత్సాహమున్ననాడు మనము విధించుకొను నియమములు ఉత్సాహము లేనినాడు మోయరానివి. దినమునకు నూరుపుటలని మొదలిడి వారమునకు మానుటకంటె, దినమునకు మూడుపుటలని మొదలిడి మానకుండుట మేలు. ఒంటరిగా మోయకుండుటయు మేలే. పంతులుగారికి ఇంట నున్న సవర తోడయ్యెను, మిత్రులు తోడైరి, కుమారులు సీతాపతిగారు తోడైరి. కోరిక మనదైనను కడవకు రెండవ పక్క పట్టుకొనువారు కావలెను.

ఈ మాటలన్నియు ఒక్కసాయంకాలమున చెప్పినవి కావు. రెండుమూడు నెలలు, వచ్చినపుడెల్ల కొంచెము కొంచెముగా చెప్పుకొంటిమి. కడపట ఆ బాలిక తానే యొక నిర్ణయమునకు వచ్చెను. మరియొక్కయేడు పరీక్షకు చదువును. అప్పటికిని స్థానము దొరకనిచో రోగులకు పరిచర్యచేయు చదువులో చేరును. ఈలోగా దినమునకొక్క గంట వీధిలోని చిన్నపిల్లలకు లెక్కలు, తెలుగక్షరములు చెప్పుచున్నది. "ఆ గంట మాత్రం భయం ఉండదు పెద్దనాయనా" అనెను. పరీక్షలో ఆమెకేమి కలుగునో మేము చెప్పజాలము. ఆ గంటలో అక్షరములు దిద్దిన పిల్లలకు కలిగినది మాత్రము ఎవరును తీసివేయజాలరు.

ఆమె వెళ్లిన తరువాత ఒకరాత్రి మా బల్లసొరుగు తెరచితిమి. పుస్తకపు అంచులు పసుపుబారియున్నవి. మా అవ్వ చెప్పిన మడక, గెనిమ, కయ్య, సంగటి అను మాటలు మా పూర్వపు చేతివ్రాతలో కనబడినవి. ఇరువదియేండ్ల తెల్లకాగితములనుగూర్చి దుఃఖించుట మాని, దినమునకొక్క మాటయని నియమము పెట్టుకొంటిమి. వినుటకు మిక్కిలి చిన్నది. కాని ఏడాదికి మూడువందలయరువదియైదు మాటలు. మా వీధిలోని వృద్ధులు ముగ్గురు ఈ పనికి తోడైరి. వారు చెప్పిన మాటలలో కొన్ని మేమెరుగనివి. కొన్ని మేమెరిగి మరచినవి. మొన్న ఒకనాడు వ్రాయవలెనని బుద్ధి పుట్టలేదు. లేచి దీపము వెలిగించి, ఆనాటి మాట వ్రాసి పడుకొంటిమి.

ఈ సంచిక చదువు ప్రతికుటుంబమునను ఇట్టి సొరుగు ఒకటి యుండునని మా నమ్మకము. సగము నేర్చిన వీణ కావచ్చును, ఆగిపోయిన చదువు కావచ్చును, మనుమలకు తెలుగు నేర్పవలెనని చేసికొనిన సంకల్పము కావచ్చును. ఉత్సాహము తిరిగి వచ్చువరకు ఆగక, దానిని ఈ రాత్రియే తెరచి ఒక్క పుట ముందునకు నడుపుడని మా విన్నపము. ఆరంభశూరులమను నింద మనకు కలదు గదా. విడిచిన పనిని మరల ఆరంభించుటకైనను ఆ శూరత్వము పనికివచ్చుగాక.